దిగి మాట్లాడండి

సన్మాన పత్రంలో నన్ను ధర్మపత్నిని చేశారు.

"వీరి సుదీర్ఘ సేవకు వెన్నుదన్నుగా నిలిచిన ధర్మపత్ని గారికి కూడా ఈ సందర్భంగా మా హృదయపూర్వక అభినందనలు" అని ఒకాయన గొంతు సవరించుకుని మరీ మైకులో చదివాడు. చదివాక కూడా ఆయనకి తేడా తెలియలేదు. రిటైరవుతున్నది మా ఆవిడ. ముందు వరసలో మీసాలు పెట్టుకుని కూర్చున్న ధర్మపత్నిని నేను. వెనక కుర్చీల్లో కిసకిసలు మొదలయ్యాకగానీ ఆయన కాగితం వైపు మళ్లీ చూడలేదు.

నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ పత్రం నాకు కంఠతా వచ్చు. నాది ఫోటోలకి ఫ్రేములు కట్టే కొట్టు. నగర కార్యాలయంలో ఎవరు రిటైరైనా సన్మాన పత్రానికి ఫ్రేము కట్టేది నేనే. ఎన్నేళ్లుగానో ఒకటే పత్రం, పేరూ హోదా మారతాయంతే. "నిరాడంబరులు, నిష్కళంకులు, మృదుభాషులు." రోడ్డు మీదికి మేడ కట్టుకున్నవాడు నిష్కళంకుడు. కింది ఉద్యోగుల్ని తిట్టకపోతే పూట గడవనివాడు మృదుభాషి. అద్దం తుడుస్తూ ప్రతిసారీ చదివి, పళ్లు నూరుకుని, మేకులు దిగ్గొట్టి పంపేవాణ్ణి. మా ఆవిడ వంతు వచ్చేసరికైనా కొత్తగా నాలుగు ముక్కలు రాస్తారనుకున్నాను. పాత పత్రంలోంచి ధర్మపత్నిని తీసే ఓపిక కూడా లేకపోయింది మహానుభావులకి.

అయినా అది చిన్న అవమానం. పెద్దది ఆ వెనకే వచ్చింది. అది అర్థం కావాలంటే మా ఆవిడ చేసిన పనేమిటో ముందు తెలియాలి.

ఆవిడ కాలువ ఇంజనీరు. ఊరి నడుమ నుంచి పారే పెద్ద మురుగు కాలువ, దాంట్లో కలిసే పిల్ల కాలువలు, అన్నీ ఆవిడ చేతి కిందే. చేరినప్పుడు ఆ విభాగంలో ఆడమనిషి ఆవిడొక్కతే కాబట్టి, వెక్కిరింతగా "కాలువమ్మ" అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లంతా ఎప్పుడో రిటైరైపోయారు. పేరు మాత్రం మిగిలింది, వెక్కిరింత పోయి గౌరవం వచ్చి చేరింది. నాకు ఊళ్లో వేరే పేరు లేదు. కాలువమ్మ మొగుడి కొట్టు అంటేనే అడ్రసు దొరుకుతుంది.

ఆవిడ చేరిన కొత్తలో మార్కెట్ వెనక కాలువకి మూత ఉండేది. మీద కాంక్రీటు పలక, ఆ పలక మీద దుకాణాలు. లోపల పూడిక ఎంత పేరుకుందో ఎవడికీ కనపడదు, కనపడదు కాబట్టి ఎవడికీ పట్టదు. ఒక వానకి నీళ్లు ఎదురుతన్ని కింద వీధి ఇళ్లలోకి వచ్చేశాయి. కింద వీధంటే కాలువ పక్కనే పల్లంలో ఉన్న వీధి, గోడకి గోడ ఆనుకుని బతికే ఇళ్లు. అప్పటి పెద్ద అధికారి గదిలోంచి కదలకుండా "ఎవణ్ణో ఒకణ్ణి దింపండి" అన్నాడు. ఒక పనివాణ్ణి దింపారు. మూత కింద గాలి చెడిపోయి ఉంది. దిగినవాడు పైకి రాలేదు. ఆ మనిషిని బయటికి తియ్యడానికి చివరికి పలక పగలగొట్టాల్సి వచ్చింది. బతికుండగా పగలగొట్టి ఉంటే సరిపోయేది. నాకు ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే రక్తం ఉడుకుతుంది.

ఆ రోజు మా ఆవిడ ఇంటికొచ్చి తిండి ముట్టలేదు. "దింపమన్నాయన ఒక్కసారి తను దిగి చూసుంటే, ఆ మాట అనేవాడు కాదండీ" అంది.

అప్పటినుంచి ఆవిడది ఒకటే పద్ధతి. కాలువ గురించి ఎవరు ఏం చెప్పబోయినా "దిగి మాట్లాడండి" అనేది. గోడకి ఇనప నిచ్చెన ఉంటుంది. ముందు తను దిగేది, గాలి చూసేది, ఆనక వచ్చినవాళ్లని పిలిచేది. కాంట్రాక్టరైనా, కౌన్సిలరైనా, పై ఇంజనీరైనా సరే. దిగినవాళ్లలో చాలామంది చెప్పాలనుకున్నది లోపలే మరచిపోయి పైకొచ్చేవాళ్లు. పగిలిన పలక స్థానంలో మళ్లీ పలక పడకుండా, మిగతా చోట్ల ఎక్కడా కొత్త మూత లేవకుండా ఆవిడ ఆపింది ఆ ఒక్క మాటతోనే. నేను మాత్రం ఎన్నడూ దిగలేదు. అందుకే ఇంట్లో కాలువ ప్రస్తావన వస్తే నోరెత్తే హక్కు నాకు లేదు.

కొత్త కమిషనరు వచ్చాక కథ అడ్డం తిరిగింది. కాలువ పొడుగునా మూత వేసేసి, దాని మీద కార్లు నిలిపే చోటు కడతానన్నాడు. కాలువ ఇంజనీరు సరేననకుండా కాలువ మీద ఒక్క రాయి పెట్టడానికి వీల్లేదని ఊరి నిబంధన. ఆవిడ మామూలుగానే "దిగి మాట్లాడండి సార్" అంది. ఆయన దిగలేదు. ఆవిడ జీపు తీసేశాడు. ఆవిడ నడిచి వెళ్లింది. కిటికీ లేని గదిలో కూర్చోబెట్టాడు. ఆవిడ బయటే తిరిగింది. ఇక ఇది లొంగే ఘటం కాదని తెలిశాక, ఆవిడ రిటైరయ్యే రోజు కోసం కాచుక్కూర్చున్నాడు.

ఎందుకంటే ఆవిడ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేది చిన్న ఇంజనీరు. మంచివాడు, పనిమంతుడు, మా ఆవిడ చేతి కింద పని నేర్చినవాడు. కానీ బొత్తిగా నోట్లో నాలుక లేని మనిషి. కమిషనరు దగ్గితే ఇతను మంచినీళ్లు పట్టుకెళ్తాడు. అతను ఒక్కసారి తలూపితే చాలు, మూత పడినట్టే. ఆఖరి నెలంతా మా ఆవిడకి అదే దిగులు.

"అతను నిలబడతాడంటారా?" అని అడిగేది, కూర తరుగుతూ.

"రిటైరయ్యాక నీకెందుకే ఆ గొడవ?" అన్నాను ఒకసారి.

"కింద వీధి రిటైరవదు కదండీ" అంది.

వీడ్కోలు సభ రోజున బయల్దేరుతూ ఆవిడ తన రబ్బరు బూట్లు సంచీలో పెట్టుకుంది. మా అమ్మాయి బ్యాంకులో సగం పూట సెలవు పెట్టి వచ్చింది. తల్లి సంచీ చూసి నెత్తి కొట్టుకుంది.

"అమ్మా, ఇవాళ కూడానా? ఇవాళ నీకు పూలిస్తారు. కాలువలో దింపరు."

"అలవాటే. సంచీ ఖాళీగా ఉంటే చెయ్యి తేలిపోతుంది" అంది.

సభ కార్యాలయం హాల్లో పెట్టలేదు. కాలువ ఒడ్డున టెంటు వేశారు. ఆవిడ మీద గౌరవంతోనే అక్కడ పెట్టారనుకున్నాను, నా అమాయకత్వానికి నన్నే అనుకోవాలి. టెంటు పక్కన ఇనప చువ్వలు కుప్పగా పడున్నాయి. వేదిక మీద బల్లకి ఆనించిన ఒక రాయి, దాని మీద పచ్చ గుడ్డ. మా ఆవిడ చువ్వల వంకా, రాయి వంకా చూసింది. సంచీ చేతిలోంచి కింద పెట్టలేదు.

కుర్చీలన్నీ అధికారులకీ, కౌన్సిలర్లకీ, వాళ్ల వెంట వచ్చినవాళ్లకీ పోయాయి. కాలువ పనివాళ్లు టెంటు తాళ్ల దగ్గర నిలబడ్డారు. బతుకంతా ఆవిడతోపాటు మురుగులో నిలబడ్డవాళ్లకి ఆ ఒక్క పూట కూర్చోడానికి కుర్చీ దొరకలేదు. వాళ్లలో ఒక పెద్దావిడ ఉంది, కార్యాలయం ఊడ్చే ఆమె. ఆ రోజు మూత కింద పోయినవాడి భార్య. నేను లేచి నా కుర్చీ ఇవ్వబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

పత్రం చదివి నన్ను ధర్మపత్నిని చేశాక ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒక కౌన్సిలరు, "ఈ మేడమ్ మాకు అక్కలాంటిది" అని గొంతు గద్గదం చేసుకున్నాడు. కిందటేడు ఇదే మనిషి ఇదే అక్కని పట్టుకుని, మీటింగులో అందరి ముందూ "ఈ ముసల్దానికి మురుగు కంపు తలకెక్కింది" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, కూర్చో."

"కూర్చునే ఉన్నానుగా."

"మనసులో లేచావు. అది కూడా కూర్చోబెట్టు."

అప్పుడు కమిషనరు లేచాడు. తెల్ల బూట్లు, ఇస్త్రీ నలగని బట్టలు, మొహం నిండా వెన్నపూస లాంటి నవ్వు. "కాలువ శుభ్రంగా ఉండాలన్నది మేడమ్ గారి జీవితకాలపు కల. ఆ కలని ఈరోజు నిజం చేస్తున్నాం. ఇకనుంచి మురుగు ఎవరి కంటా పడదు, కంపు ఎవరి ముక్కుకీ తగలదు. ఈ కాలువ మీద మనం కట్టబోయే పార్కింగ్‌కి మేడమ్ గారి పేరే పెడుతున్నాం. ఇప్పుడు మేడమ్ గారు తెర తీస్తారు. ఆ వెంటనే మన కొత్త కాలువ ఇంజనీరు ఈ వేదిక మీదనుంచే తన ఆమోదం ప్రకటిస్తారు" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. గాలికి పచ్చ గుడ్డ ఒక మూల తొలిగింది. రాతి మీద మా ఆవిడ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, బంగారు రంగులో మెరిసింది.

బతికున్న మనిషిని ఇంతకంటే ఘోరంగా అవమానించొచ్చని నేననుకోను. వద్దు వద్దని ఆవిడ దేనికోసమైతే ఇన్నేళ్లు మొత్తుకుందో, దాని నెత్తినే ఆవిడ పేరు చెక్కించాడు. రేపు కింద వీధి వాళ్లు ఏడుస్తూ వస్తే "మీ కాలువమ్మే కదా తెర తీసింది" అని నోరు మూయిస్తాడు. ఎంత తెలివి, ఎంత నీచం. పక్కకి చూస్తే చిన్న ఇంజనీరు వేదిక చివర బెల్లం కొట్టిన రాయిలా నిలబడి, తన కొత్త బూట్లు చూసుకుంటున్నాడు. అతనికి ముందే తెలుసు. మొహంలో కనపడుతోంది. చేతికి అందితే రెండు వాయించేవాణ్ణి.

మా ఆవిడ మైకు దగ్గరికి వెళ్లింది. ఇలాంటి సభల్లో రిటైరయ్యేవాళ్లు ధన్యవాదాలు చెప్పి, కళ్లు తుడుచుకుని కూర్చోవాలి. అదే అక్కడి మర్యాద.

"కమిషనరు గారూ, ఆఫీసు వేళ అయ్యేదాకా నేనే కాలువ ఇంజనీర్ని కదండీ?" అని అడిగింది.

"తప్పకుండా మేడమ్" అన్నాడాయన, నవ్వు చెదరకుండా.

"అయితే మంచిది. మీరు ఇప్పటిదాకా మాట్లాడింది కాలువ గురించి. నా దగ్గర కాలువ మాటకి ఒక పద్ధతుంది."

వేదిక మెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పి సంచీలో పెట్టి, రబ్బరు బూట్లు తొడుక్కుంది. తాపీగా, మా ఇంటి గుమ్మంలో తొడుక్కున్నట్టే. తర్వాత నడుచుకుంటూ ఒడ్డుకి వెళ్లి, నిచ్చెన పట్టుకుని, ఆ వయసులో, ఆ కొత్త బట్టలతోనే దిగిపోయింది. ముందు తల కనపడింది, తర్వాత అదీ లేదు. గొంతు మాత్రం వచ్చింది.

"గాలి బాగానే ఉంది. రండి సార్. దిగి మాట్లాడండి."

కమిషనరు పకపకా నవ్వాడు. "మేడమ్ గారికి మొదటినుంచీ హాస్యం ఎక్కువ" అన్నాడు మైకులో. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు మారింది. "ఎవరూ దిగక్కర్లేదు. సభ సాగిద్దాం. ఏమయ్యా, ఇలా రా. నువ్వు చెప్పాల్సింది చెప్పు."

చిన్న ఇంజనీరు వేదిక దిగాడు. మైకు ఒక పక్క, నిచ్చెన ఒక పక్క. నడిమధ్యన ఆగిపోయాడు.

"మైకు ఇటుంది" అన్నాడు కమిషనరు.

కిందనుంచి మా ఆవిడ మళ్లీ పిలవలేదు. పిలిస్తే బాగుండుననిపించింది నాకు. గట్టిగా, ఇంట్లో నన్ను పిలిచినట్టు పిలిస్తే అతను పరిగెత్తేవాడు. ఆవిడ పిలవలేదు. అతనంతట అతను రావాలి కాబట్టే పిలవలేదని నాకు ఆలస్యంగా వెలిగింది.

అప్పుడు తాళ్ల దగ్గరనుంచి ఊడ్చే ఆమె ముందుకొచ్చింది. జనంలో ఆమె గొంతు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

"దిగు బాబూ, భయం లేదు. ఇంకా మూత వెయ్యలేదుగా. మళ్లీ పైకొస్తావు."

కౌన్సిలరు తల దించేశాడు.

చిన్న ఇంజనీరు కొత్త బూట్లు విప్పాడు. మేజోళ్లు విప్పి బూట్లలో కుక్కాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ తడుముకుంటూ దిగాడు. నేను ఉండబట్టలేక ఒడ్డుకి పోయి వంగి చూశాను. ఇద్దరూ మోకాలి లోతు నల్లటి నీళ్లలో పక్కపక్కనే నిలబడ్డారు. అతను చేత్తో గోడ తడిమి చూసి, కింద వీధి వైపు చూశాడు. అక్కడినుంచి ఆ ఇళ్ల గడపలు దాదాపు అతని తల ఎత్తులో ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు. మూత వేద్దామా?" అంది మా ఆవిడ.

"వద్దు మేడమ్."

"నాకు తెలుసులే. నాకు కాదు చెప్పాల్సింది."

అతను తలెత్తాడు. మైకు అక్కర్లేకపోయింది, కాలువ గోడలే గొంతుని పైకి తెచ్చాయి.

"సార్." ఆ ఒక్క ముక్క దగ్గర గొంతు వణికింది. తర్వాత వణకలేదు. "నేను ఒప్పుకోను సార్. ఇంకేమైనా ఉంటే దిగి మాట్లాడండి."

కమిషనరు మొహం కందగడ్డలా అయింది. నిచ్చెన వైపు ఒకసారి, తన తెల్ల బూట్ల వైపు ఒకసారి చూసుకున్నాడు. వేదిక దిగి తిన్నగా కారు దగ్గరికి నడిచాడు. కౌన్సిలరు వెనకాలే పడ్డాడు. పెద్దలు పోతుంటే కూర్చోకూడదు కాబట్టి ముందు వరసలన్నీ లేచి వాళ్ల వెంట పోయాయి. కాసేపటికి ఆ కుర్చీల్లో కాలువ పనివాళ్లు కూర్చున్నారు. ఊడ్చే ఆమె కమిషనరు కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకుంది.

మా ఆవిడని పైకి లాగడానికి చెయ్యిచ్చాను. నా చెయ్యంతా బురదయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ కాలువ నన్ను తాకడం అదే మొదలు.

"టైమెంతయిందండీ?" అంది.

"ఆఫీసు వేళ అయిపోయింది."

"అయితే రిటైరయ్యాను. పదండి, ధర్మపత్ని గారూ" అంది. అప్పుడొచ్చింది నాకు నవ్వు. నవ్వో ఏడుపో సరిగ్గా చెప్పలేను. మా అమ్మాయి మాత్రం పక్కకి తిరిగి ముక్కు తుడుచుకుంది.

సన్మాన పత్రం నేను ఫ్రేము కట్టలేదు, కట్టను. రాయిని ఎవరూ తీసుకుపోలేదు. పనివాళ్లు దాన్ని దొర్లించుకెళ్లి, పేరున్న వైపు నేలకి ఉండేలా నిచ్చెన దగ్గర మెట్టుగా పరిచారు. దిగేవాళ్లు దాని మీద కాలు పెట్టి దిగుతున్నారు. ఆ సంగతి విని మా ఆవిడ ఎంతో సంతోషించింది.

మూడో నాడు కొట్టు తెరుస్తుంటే చిన్న ఇంజనీరు వీధిలో నడుచుకుంటూ పోతున్నాడు. చంకలో సంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న కొత్త రబ్బరు బూట్లు. నన్ను చూసి తలవంచి నమస్కారం పెట్టాడు. జీపేదని అడిగితే "తీసేశారండీ" అన్నాడు. కొట్టు అలాగే వదిలేసి ఇంటికి పరిగెత్తాను.

"విన్నావా? అప్పుడే అతని జీపు తీసేశారట. నీకు చేసినట్టే ఒక్కొక్కటీ చేస్తారు. గది మారుస్తారు, మనుషుల్ని మారుస్తారు, వాళ్లకి సిగ్గూ శరం లేదు" అని అరిచాను.

ఆవిడ కూర తరుగుతోంది. కత్తి ఆగింది.

"నడుస్తున్నాడా?" అని అడిగింది.

"ఆ, నడుస్తున్నాడు."

"ఎటు?"

"కాలువ వైపే."

ఆవిడ మళ్లీ కూర తరగడం మొదలుపెట్టింది.